ప్రాస్పెక్ట్ నుంచి గని దాకా: ఉత్తరాంధ్ర విద్యార్థులకు ఖనిజాన్వేషణ రంగం

ఖనిజం ఉండవచ్చునన్న సూచన మాత్రమే దొరికి, అది ఎంత మేర, ఎంత లోతున, ఎంత నాణ్యతతో ఉందో ఇంకా తేలని చోటును భూవిజ్ఞానశాస్త్రంలో ప్రాస్పెక్ట్ అంటారు. తవ్వితే గిట్టుబాటవుతుందని కొలతలతో రుజువైన తరువాతనే అది గని అయ్యే అర్హత పొందుతుంది. ఈ రెంటి నడుమ జరిగే పనినంతటినీ కలిపి ఖనిజాన్వేషణ అని వ్యవహరిస్తారు. అన్వేషణ మొదలైన చోట్లలో అత్యధికం మధ్యలోనే ఆగిపోతాయి కనుక, గనిని కనుగొనడం ఎంత పనో, తవ్వదగినంత ఖనిజం లేదని ఆధారాలతో తేల్చడమూ అంతే పనిగా ఈ వృత్తిలో లెక్కకు వస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల విద్యార్థులు ఈ రంగాన్ని అర్థం చేసుకోవడానికి రెండు చోట్లు బాగా ఉపకరిస్తాయి. ఒకటి వారి ముంగిట ఉన్న గరివిడి మాంగనీసు ప్రాంతం, రెండవది పల్నాడులోని అగ్నిగుండాల రాగి, సీసం ప్రాంతం.

ఇంటి ముంగిట పాఠశాల

భారతదేశంలో మాంగనీసు తవ్వకం ఒక పరిశ్రమగా మొదలైనది విజయనగరం సంస్థానంలోనే. 1892లో 674 టన్నులతో ఆరంభమైన ఉత్పత్తి 1900 నాటికి 92,008 టన్నులకు పెరిగింది. గరివిడి, కోడూరు, గర్భాం పరిసరాల్లో నేటికీ కనిపించే పాత గుంతలు, నల్లని రాతి గుట్టలు ఆ చరిత్రకు ఆనవాళ్లు. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన లూయిస్ ఫెర్మర్ ఈ ప్రాంతాన్ని పరిశీలించి, 1909లో వెలువడిన తన బృహద్గ్రంథంలో దేశంలోని మాంగనీసు నిక్షేపాలన్నిటినీ వివరించాడు. మాంగనీసు గార్నెట్, పొటాష్ ఫెల్డ్‌స్పార్, అపటైట్ కలగలిసిన ఇక్కడి విలక్షణమైన శిలకు కోడూరు గ్రామం పేరిట 'కోడురైట్' అని పేరు పెట్టినదీ ఆయనే.

కోడురైట్ శిలాద్రవం నుంచి పుట్టిన అగ్నిశిల అని ఫెర్మర్ భావించగా, పూర్వం అవక్షేపాలుగా ఉన్న పొరలు లోతున తీవ్రమైన వేడికి, ఒత్తిడికి లోనై, కరిగిన గ్రానైట్ పదార్థంతో కలిసి మారడం వల్ల అది ఏర్పడిందని తరువాతి పరిశోధకులు వాదించారు. వ్యాఖ్యానం మారినప్పటికీ, ఏ రాయి ఏ రాతిని ఆనుకుని ఏ దిశగా సాగుతోందో నమోదు చేసిన పటాలూ, భద్రపరచిన నమూనాలూ తరువాతి తరాలకు పనికివచ్చాయి. ఈ మాంగనీసును చుట్టి ఉండే ఖోండలైట్ కూడా ఈ తూర్పు కనుమల నుంచే పేరు పొందిన శిల. గార్నెట్, సిల్లిమనైట్ ఖనిజాలు గల ఈ శిలకు 1902లో వాకర్ అనే శాస్త్రవేత్త కొండల్లో నివసించే ఖోండుల పేరు పెట్టాడు. టెక్కలి పరిసరాల గ్రానైట్ క్వారీలు, భావనపాడు, కళింగపట్నం తీరాల్లో ఇల్మనైట్, గార్నెట్, మోనజైట్ కలిసిన బరువైన ఇసుకలు కూడా ఈ ప్రాంత విద్యార్థికి బస్సు ప్రయాణపు దూరంలోనే ఉన్నాయి.

రాగి, వెండి: అగ్నిగుండాల చెప్పేది

ఖోండలైట్ నేలలో మాంగనీసు, గ్రాఫైట్ వంటివి దొరుకుతాయి గాని, రాగి, సీసం, వెండి వంటి లోహాల అన్వేషణకు ఆంధ్రప్రదేశ్‌లో కడప బేసిన్ ప్రసిద్ధమైనది. కోట్లాది సంవత్సరాల క్రితం లోతు తక్కువ సముద్రంలో పేరుకున్న ఇసుక, బురద, సున్నపు పొరలు గట్టిపడి ఏర్పడిన ఈ విశాల ప్రదేశపు ఈశాన్య భాగంలో, వినుకొండ సమీపాన అగ్నిగుండాల ఉంది. సామర్లకోట తోటలో ఈస్టిండియా కంపెనీ వృక్షశాస్త్రజ్ఞుడిగా పనిచేసిన బెంజమిన్ హైన్, 1814లో అచ్చయిన తన గ్రంథంలో ఇక్కడి రాగి గని ప్రస్తావన చేశాడు. ఊరి పేరు వినగానే లోహం కరిగించిన కొలుములు స్ఫురించవచ్చు గాని, అన్వేషకుడు పేరును సాక్ష్యంగా తీసుకోడు. పాత తవ్వకాల గుంతలను, లోహం కరిగించాక మిగిలే చిట్టాన్ని, రాతి పగుళ్లలోని మరకలను సాక్ష్యంగా తీసుకుంటాడు.

ఆ మరకలకు స్పష్టమైన కారణం ఉంది. లోతున రాగి సాధారణంగా చాల్కోపైరైట్ అనే పసుపు రంగు ఖనిజంగా, అంటే రాగి, ఇనుము, గంధకం కలిసిన రూపంలో ఉంటుంది. వాననీరు, గాలి తగిలిన పైభాగంలో అది విడిపోయి, పచ్చని మలకైట్‌గా, నీలి అజురైట్‌గా మారుతుంది. సీసం ప్రధానంగా గెలీనా అనే బరువైన, మెరిసే బూడిదరంగు ఖనిజంలో లభిస్తుంది. వెండి చాలా సందర్భాల్లో తనకంటూ వేరే గని లేకుండా, గెలీనాలోను, రాగి ఖనిజాల్లోను స్వల్ప పరిమాణంలో ఇమిడి ఉండి, సీసం లేదా రాగి శుద్ధి చేసేటప్పుడు ఉపఉత్పత్తిగా బయటపడుతుంది. అందువల్లనే రాగి శాతాల్లోను, వెండి టన్నుకు గ్రాముల్లోను లెక్కకు వస్తాయి.

అగ్నిగుండాల ప్రాంతంలో బండ్లమోటు కొండ సీసానికి, నల్లకొండ, ధూకొండ రాగికి పేరుపొందాయి. స్వాతంత్ర్యానంతరం జియలాజికల్ సర్వే పటాలు గీసి, డ్రిల్లింగ్ జరిపిన మీదట, బండ్లమోటులో హిందుస్థాన్ జింక్ సంస్థ సీసం గనిని నడిపింది. తరువాతి కాలంలో అది మూతపడింది. పక్కపక్కనే ఉన్న కొండల్లో ఒకటి గనిగా మారడమూ, ఆ గని సైతం శాశ్వతం కాకపోవడమూ ఈ రంగంలో అసాధారణమేమీ కాదు. లోహపు ధర, ఖనిజ నాణ్యత, తవ్వకపు ఖర్చు అనే మూడింటిలో ఏది మారినా నిర్ణయం మారుతుంది.

నాలుగు దశలు, నాలుగు రకాల కొలువులు

ప్రస్తుతం దేశంలో అన్వేషణను జి4, జి3, జి2, జి1 అనే నాలుగు దశలుగా విభజిస్తారు. మొదటిదైన జి4లో విశాల ప్రాంతాన్ని పరిశీలించి, శిలల పటం గీసి, వాగుల మట్టిలో లోహపు జాడ వెదుకుతారు. ఇది జియాలజిస్టు పని. జి3లో అనుమానమున్న చోటుకు పరిధి కుదించి, కందకాలు తవ్వి, అక్కడక్కడ బోర్లు వేస్తారు. ఈ రెండు దశల్లోను జియోఫిజిసిస్టు అవసరం ఎక్కువ. గంధకంతో కూడిన లోహ ఖనిజాలు రాతిలో చెదురుమదురుగా ఉన్నప్పుడు, భూమిలోకి విద్యుత్తు పంపి ఆపివేసిన తరువాత కూడా కొంతసేపు ఆవేశాన్ని నిలుపుకుంటాయి. ఈ గుణం ఆధారంగా సాగే ఇండ్యూస్డ్ పోలరైజేషన్ సర్వే రాగి అన్వేషణలో కీలకమైనది. జి2, జి1 దశల్లో బోర్లు దగ్గరదగ్గరగా వేసి, నిక్షేపపు ఆకారాన్ని, పరిమాణాన్ని నిర్ధారిస్తారు. డ్రిల్లింగ్ సిబ్బంది, సర్వేయర్లు, రసాయన విశ్లేషకులు, కంప్యూటర్‌పై నమూనా తయారుచేసేవారు ఇక్కడ అధికంగా కావాలి.

కొత్తగా చేరిన జియాలజిస్టు రోజులో అధిక భాగం కోర్ పెట్టెల దగ్గర గడుస్తుంది. వజ్రపు బిట్టుతో తొలిచినప్పుడు స్తంభంలా బయటికి వచ్చే రాతిముక్కను కోర్ అంటారు. దానిని లోతు క్రమంలో పెట్టెల్లో పేర్చి, రాతి రకం, పగుళ్లు, ఖనిజం కనిపించే తీరు నమోదు చేసి, నిలువునా రెండుగా కోసి, ఒక సగాన్ని ప్రయోగశాలకు పంపి, మరొక సగాన్ని భద్రపరుస్తారు. ఫలితాలు వచ్చాక చేసే లెక్కలో పొరపాటుకు ఎంత అవకాశముందో ఒక ఊహాత్మక ఉదాహరణ తెలుపుతుంది. ఒక బోరులో వరుసగా 2 మీటర్లలో 1.2 శాతం, తరువాతి 3 మీటర్లలో 0.4 శాతం, ఆపై 1 మీటరులో 2.0 శాతం రాగి తేలిందనుకుంటే, మూడు అంకెలను కూడి మూడుతో భాగించినవారికి 1.2 శాతం వస్తుంది. ప్రతి అంకెనూ దాని పొడవుతో గుణించి, మొత్తాన్ని 6 మీటర్లతో భాగించినవారికి దాదాపు 0.93 శాతం వస్తుంది. రెండవదే సరైనది. గని తెరవాలా, వద్దా అన్న నిర్ణయం ఇటువంటి తేడా మీదనే ఆధారపడవచ్చు కనుక, పదో తరగతి స్థాయి గణితాన్ని తప్పులేకుండా చేసే అలవాటు ఈ వృత్తికి తొలి అర్హత.

చదువు, పరీక్షలు

ఇంటర్‌లో సైన్సు చదివినవారు డిగ్రీలో జియాలజీని ఒక సబ్జెక్టుగా తీసుకుని, తరువాత ఎం.ఎస్సీ. చేయడం ప్రధాన మార్గం. విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో జియాలజీ, జియోఫిజిక్స్ విభాగాలు రెండూ ఉన్నాయి. సి.వి. రామన్ శిష్యుడైన సి. మహదేవన్ అక్కడి జియాలజీ విభాగాన్ని తీర్చిదిద్దినవారిలో ముఖ్యుడు. ఐఐటీల్లో ఎం.ఎస్సీ. చేయదలచినవారు జామ్ పరీక్షలో జియాలజీ పేపరు రాయాలి. 1926లో స్థాపితమైన ధన్‌బాద్ విద్యాసంస్థ ఈ రంగంలో పేరెన్నికగన్నది. ముడిఖనిజం నుంచి లోహం వేరుచేసే దశ మీద ఆసక్తి ఉన్నవారికి విజయనగరంలోని జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కళాశాలలో మెటలర్జీ చదివే వీలుంది. పదో తరగతి తరువాతనే ఉపాధి వైపు వెళ్లదలచినవారు పాలిసెట్ ద్వారా మైనింగ్ డిప్లొమాలో చేరి, గనుల భద్రతా డైరెక్టరేట్ నిర్వహించే మేట్, ఫోర్‌మన్ పరీక్షలు ఉత్తీర్ణులైతే గనుల్లో పర్యవేక్షణ బాధ్యతలకు అర్హులవుతారు.

ప్రభుత్వ కొలువులకు ముఖ్యద్వారం యూపీఎస్సీ నిర్వహించే కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష. ప్రిలిమ్స్‌కు 400, మెయిన్స్‌కు 600, ఇంటర్వ్యూకు 200 మార్కులు కేటాయించిన ఈ పరీక్ష ద్వారా జియలాజికల్ సర్వేలో జియాలజిస్టు, జియోఫిజిసిస్టు, కెమిస్టు పోస్టులతోపాటు కేంద్ర భూగర్భజల మండలిలో హైడ్రోజియాలజీ పోస్టులనూ భర్తీ చేస్తారు. ఎం.ఎస్సీ. కెమిస్ట్రీ చదివినవారు కూడా ఇందులో పోటీ పడవచ్చునన్న సంగతి చాలామంది దృష్టికి రాదు. హైదరాబాదులో ప్రధాన కార్యాలయాలు గల అణుఖనిజ అన్వేషణ సంచాలనాలయం, ఎన్‌ఎండీసీ, జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, నాగపూర్ కేంద్రంగా పనిచేసే ఖనిజాన్వేషణ సంస్థ తమ నియామకాలను విడిగా ప్రకటిస్తాయి.

ప్రైవేటు రంగంలోనూ అవకాశాల స్వరూపం మారుతోంది. గనుల చట్టానికి 2023లో జరిగిన సవరణ, రాగి, వెండి, బంగారం, సీసం, జింకు సహా 29 ఖనిజాలకు 'అన్వేషణ లైసెన్సు' అనే కొత్త అనుమతిని ప్రవేశపెట్టింది. గుర్తింపు పొందిన ప్రైవేటు అన్వేషణ సంస్థలు సైతం ఇప్పుడు ప్రాజెక్టులు చేపడుతున్నందువల్ల, కోర్ నమోదు, క్యూజీఐఎస్ వంటి ఉచిత పటాల సాఫ్ట్‌వేర్, నమూనాల నాణ్యతా నియంత్రణ తెలిసినవారికి ఒప్పంద ఉద్యోగాలు దొరికే వీలుంది. అయితే వీటిలో చాలావరకు ప్రాజెక్టు కాలానికే పరిమితమనీ, నెలల తరబడి క్యాంపుల్లో ఎండకు, ఒంటరితనానికి ఓర్చుకోవలసి ఉంటుందనీ కుటుంబంతో ముందే మాట్లాడుకోవడం మంచిది.

డిగ్రీ మొదటి సంవత్సరంలోనే సన్నాహం ఆరంభించవచ్చు. ఒక సుత్తి, భూతద్దం, దిక్సూచి, గళ్ల పుస్తకం తీసుకుని, యజమాని అనుమతితో ఇంటికి దగ్గరలోని క్వారీకి వెళ్లి, ఒక రాతి గోడను నిశితంగా పరిశీలించి, రాతి రకాలు, అవి కలిసే సరిహద్దులు, పొరల వాలు కోణం, కనిపించిన ఖనిజాలు తేదీతో సహా నమోదు చేయాలి. నెలలు గడిచాక అదే పుటను చదివినప్పుడు, కళ్లతో చూసినదేదో, ఊహించి రాసినదేదో విడిగా తెలిసేలా ఉంటే ఆ నమోదు సరిగా సాగినట్లే. కోడూరు రాతి పుట్టుక గురించి ఫెర్మర్ చేసిన ఊహను తరువాతివారు ప్రశ్నించగలిగారంటే, చూసినదాన్ని ఆయన అంత వివరంగా రాసిపెట్టడమే అందుకు వీలు కల్పించింది.