ఇంటిలో సర్వరు: స్థాపనము, రక్షణము



మన యిండ్లలోని ముఖ్యమైన కాగితములు, చిత్రములు, పాటలు క్రమముగా బీరువాలనుండి ఫోనులలోనికి చేరుచున్నవి. తాతగారి నాటి భూమి పత్రముల నకళ్లు, అవ్వ పాడిన పెండ్లిపాటలు, పాఠశాల పత్రిక పాత సంచికల ఛాయాచిత్రములు ఒక్క చిన్న పరికరమున ఇమిడియున్నవి. ఆ పరికరము పోయినచో నివియు దానితోనే పోవును. తెలుగు రాష్ట్రములలో నొక పుస్తకము పోయినను మరియొక గ్రంథాలయమున దొరకవచ్చును. హోసూరు, బళ్లారి, బరంపురము, షోలాపురము, యానాము వంటి చోట్ల తరతరములుగా నివసించుచున్న మన కుటుంబములలోని తెలుగు వ్రాతలకు తరచుగా రెండవ ప్రతియే యుండదు. కావున వానిని భద్రపరచుట ఇంటిల్లిపాదికిని సంబంధించిన పని.

పెద్ద సంస్థల యంత్రములలో వానిని దాచుకొనుట యొక మార్గము. అది సులభమైనదే. కాని అచటి నియమములు ఆ సంస్థలవి. రెండు సంవత్సరములు వాడకయున్న వ్యక్తిగత ఖాతాలను తొలగింపవచ్చునని గూగుల్ సంస్థ 2023లో నియమము చేసినది. గతించిన పెద్దల ఖాతాలలోని చిత్రముల గతి యేమగునో ఆలోచింపుడు. రెండవ మార్గము మన యింటనే యొక సర్వరును నిలుపుకొనుట. దానిని నిలుపు విధమును, అంతకంటె ముఖ్యముగా కాపాడు విధమును ఈ పాఠమున తెలిసికొందము. తాళపుచెవి మన చేతిలో నున్నప్పుడు కాపలా బాధ్యతయు మనదే యగునని మొదటనే గుర్తుంచుకొనవలెను.

సర్వరు అనగా నేమి?

అడిగినవారికి అడిగిన ఫైలును అందించు కంప్యూటరే సర్వరు. మూలబడిన పాత ల్యాప్‌టాపు దీనికి చాలును. 2012లో బ్రిటనున వెలువడిన రాస్ప్‌బెర్రీ పై అను అరచేతి యంత్రమును చాలును. వీనిపై డెబియన్ వంటి ఉచితమైన లినక్సు వ్యవస్థను నెలకొల్పవచ్చును.

ఇది రేయింబవళ్లు పనిచేయును గదా, విద్యుత్తు ఖర్చెంత యని తలిదండ్రులు అడుగుదురు. లెక్క చూడుడు. యంత్రము 5 వాట్లు వాడుననుకొన్నచో, 5ను 24 గంటలచేతను 30 దినములచేతను గుణింపగా 3,600 వచ్చును. అనగా నెలకు 3.6 యూనిట్లు. 20 వాట్లు వాడు ల్యాప్‌టాపునకు 14.4 యూనిట్లగును.

ఒక్క జాగ్రత్త. చిన్న మెమొరీ కార్డు పలుమారులు వ్రాయుటచే అరిగిపోవును. కరెంటు హఠాత్తుగా పోయినచో చెడిపోవుటయు కలదు. కావున విలువైన ఫైలులను హార్డు డిస్కునందో ఎస్.ఎస్.డి. యందో ఉంచి, యంత్రమునకు చిన్న యు.పి.ఎస్.ను అమర్చుట మేలు.

ఇంటి నెట్‌వర్కు

కంప్యూటరులు ఒకదానినొకటి సంఖ్యారూపమైన చిరునామాలచే గుర్తించును. చిరకాలముగా వాడుకలోనున్న నాలుగవ పద్ధతిలో చిరునామాకు 32 బిట్లు. 2ను 32 మారులు గుణించిన దాదాపు 429 కోట్లు మాత్రమే వచ్చును. ఇది లోకములోని జనసంఖ్యకే చాలదు. అందువలన 192.168తో మొదలగు చిరునామాలు మొదలైనవి కొన్ని లోపలి వాడుకకు ప్రత్యేకింపబడినవి. ప్రతి యూరిలోను 1వ నెంబరు ఇల్లు ఉన్నట్లే, వేల యిండ్లలో 192.168.1.10 అను చిరునామా ఉండవచ్చును, చిక్కు రాదు.

రూటరు మన యింటి వాకిలివంటిది. లోపలివారు అడిగినదానిని గుర్తుంచుకొని, బయటనుండి వచ్చిన జవాబును వారికే చేర్చును. ఎవరును అడుగకయే బయటనుండి వచ్చిన పలుకరింపును ఎవరికి చేర్చవలెనో దానికి తెలియదు గనుక విడిచివేయును. ఇది మనకు కొంత రక్షణ. కావున సర్వరు జోలికి పోకముందే రూటరునందు ఈ నాలుగు పనులు చేయవలెను.

1. రూటరుతో వచ్చిన పాస్‌వర్డును మార్చవలెను.
2. వైఫైకి డబ్ల్యు.పి.ఎ.2 గాని డబ్ల్యు.పి.ఎ.3 గాని ఎన్నుకొనవలెను. డబ్ల్యు.పి.ఎస్. అను మీట సౌకర్యమును ఆపవలెను.
3. యు.పి.ఎన్.పి. అనుదానిని ఆపవలెను. అది యున్నచో ఇంటిలోని యే పరికరమైనను మన యనుమతి లేకయే బయటికి ద్వారము తెరువగలదు.
4. సర్వరునకు ఎల్లప్పుడు ఒకే చిరునామా దొరకునట్లు కేటాయింపవలెను. టీవీలు, కెమెరాలు, అతిథుల ఫోనులు అతిథి వైఫైలో నుండవలెను.

మొదటి పని చిన్నదని త్రోసివేయరాదు. 2016లో మిరాయ్ అను దుష్ట ప్రోగ్రాము కెమెరాలు, వీడియో రికార్డరులు, రూటరులలోనికి ప్రవేశించినది. అది కర్మాగారమున పెట్టిన పేర్లు, పాస్‌వర్డులు సుమారు 60 జంటలను వరుసగా ప్రయత్నించినదే తప్ప వేరు విద్య చూపలేదు. ఇట్లు చిక్కిన పరికరముల దండుతో ఆ యేడు అక్టోబరు 21న డైన్ అను అమెరికా సంస్థపై దాడి జరుగగా, ట్విట్టరు వంటి ప్రసిద్ధ సేవలు అమెరికా, ఐరోపాలలో గంటలకొలది స్తంభించినవి. ఆ పరికరముల యజమానులలో చాలమందికి తమ వస్తువులు దొంగల పక్షమున పోరాడినవని తెలియనే లేదు.

స్థాపనము

లినక్సును నెలకొల్పిన వెంటనే చేయవలసినది తాజా మరమ్మతులను తెప్పించుట. పిదప సర్వాధికారముగల రూట్ ఖాతాను నిత్యమును వాడక, సామాన్యమైన ఖాతా యొకటి తెరువవలెను. ఫైలులను ఇంటిలోని కంప్యూటరులకు పంచుటకు సాంబా అను ప్రోగ్రాము చాలును. అవసరము లేని ప్రోగ్రాములను ఉంచరాదు. తెరచిన ప్రతి సేవయు కాపలా కాయవలసిన మరియొక ద్వారము.

ఈ ద్వారములకే పోర్టులని పేరు. దూరమునుండి యంత్రమును నడపు ఎస్.ఎస్.హెచ్. 22వ పోర్టునందును, సాంబా 445వ పోర్టునందును ఉండును. ఫైర్‌వాల్ అను కాపరికి మన మీయవలసిన యాజ్ఞ యిది: "బయటనుండి వచ్చువారినెల్ల ఆపుము, 22, 445 ద్వారములను మాత్రము ఇంటి చిరునామాలవారికి తెరువుము." డెబియన్‌లో యు.ఎఫ్.డబ్ల్యు. అను పరికరముతో దీనిని నాలుగైదు పంక్తులలో ముగింపవచ్చును. ఆజ్ఞల వరుసలో 22వ పోర్టునకు అనుమతి నిచ్చిన తరువాతనే ఫైర్‌వాలును ప్రారంభింపవలెను. లేనిచో దూరమునుండి పనిచేయువారే వెలుపల చిక్కుకొందురు.

తాళమును, తాళపుచెవియు

ఎస్.ఎస్.హెచ్.ను 1995లో ఫిన్లాండు దేశీయుడైన తాతు యూలొనెన్ రచించెను. తన విశ్వవిద్యాలయపు నెట్‌వర్కులో పాస్‌వర్డులను పొంచి దొంగిలించిన సంఘటన దీనికి ప్రేరణ. ఇందులో పాస్‌వర్డునకు బదులుగా జంట తాళమును వాడవచ్చును. బహిరంగ భాగము తాళపుకప్పవంటిది. దానిని సర్వరునకు తగిలింతుము. రహస్య భాగము తాళపుచెవి. అది మన కంప్యూటరును విడిచి పోరాదు. తాళపుచెవితో లోనికి పోగలుగుచున్నామని రెండుమూడు సార్లు పరీక్షించి, ఆ పిమ్మట పాస్‌వర్డుతో ప్రవేశమును పూర్తిగా నిలిపివేయవలెను.

తాళపుచెవికిని, ఇతర ఖాతాలకును మంచి పాస్‌వర్డు కావలెను గదా! పుట్టిన తేదీ యెందుకు తగదో లెక్కతో తెలిసికొనుడు. నూరు సంవత్సరములలో సుమారు 36,525 తేదీలు మాత్రమే కలవు. క్షణమున కొక్కటి చొప్పున ప్రయత్నించినను పది గంటల పదినిమిషములలోపుగా అన్నియు ముగియును. దీనికి మారుగా పాచికలను వాడుడు. ఒక పాచికను ఐదుమారులు వేసిన 7,776 విధములైన ఫలితములు వచ్చును. అన్ని మాటల పట్టికనుండి ఇట్లు నాలుగు మాటలను ఎన్నుకొన్నచో 36 కోట్ల కోట్లకు పైగా కూర్పులేర్పడును. మాటలు తెలుగువైనను సరే, అవి పాచికలచే ఎన్నబడవలెను. మనసునకు తోచినవి కారాదు. ఏలయన మనసునకు తోచునవి ఇతరులకును తోచును.

బయటనుండి ఇంటికి

ఇంటిలోపల సర్వరు చక్కగా పనిచేసిన పిదపనే, ఊరినుండి దానిని చేరు ఉపాయమును ఆలోచింపవలెను. రూటరునందు 22, 445 పోర్టులను లోకమునకు తెరచుట తప్పుదారి. వైర్‌గార్డు అనునది మంచి దారి. ఇది 2020లో లినక్సు మూలభాగమున చేరినది. మన ఫోనుకును ఇంటికిని నడుమ రహస్యమైన సొరంగమును నిర్మించును. సరియైన తాళపుచెవి లేనివాడు తలుపు తట్టినచో జవాబే పలుకదు. అచట తలుపున్నదని కూడ వానికి తెలియదు. రూటరునందు ఈ యొక్క ద్వారమును మాత్రమే తెరచిన చాలును.

ఒక చిక్కు కలదు. పెక్కు ఇంటర్నెట్ సంస్థలు అనేక యిండ్లకు కలిపి ఒకే బహిరంగ చిరునామా నిచ్చుచున్నవి. రూటరు పుటలోని వెలుపలి చిరునామా 100.64 మొదలు 100.127 వరకు గల వరుసలోనిదైనచో మీ యిల్లు అట్టిదని గ్రహింపుడు. అప్పుడు బయటి పలుకరింపు మీ వాకిలికి చేరదు. ప్రత్యేకమైన బహిరంగ చిరునామాను సంస్థ నడుగవచ్చును. లేదా 128 బిట్లుగల ఆరవ పద్ధతి చిరునామాలను వాడవచ్చును.

మరమ్మతులు, ప్రతులు

2017 మార్చి 14న మైక్రోసాఫ్టు సంస్థ విండోసులోని ఫైలుల పంపకపు లోపమునకు మరమ్మతును విడుదల చేసినది. మే 12న వాన్నక్రై అను ప్రోగ్రాము ఆ లోపముద్వారానే, 445వ పోర్టు గుండా వ్యాపించి, ఫైలులకు తాళము వేసి డబ్బు అడిగినది. బ్రిటనులోని ఆసుపత్రులును, ఆంధ్రప్రదేశ్‌లోని కొన్ని పోలీసు ఠాణాల కంప్యూటరులును దాని పాలబడినవి. మందు వచ్చి రెండు నెలలైనను వేసికొననివారే ఎక్కువగా బాధపడిరి. కావున సర్వరునందు భద్రతా మరమ్మతులు తమంతట తామే చేరునట్లు ఏర్పాటు చేయవలెను.

ఇన్ని చేసినను డిస్కు చెడిపోవచ్చును, దొంగ యెత్తుకొనిపోవచ్చును. 2022 జూలైలో గోదావరి వరద యానాము వీధులలోనికి వచ్చినది. అట్టి సమయమున తాళములు పనికిరావు, ప్రతులే పనికివచ్చును. నియమము సులభము: మూడు ప్రతులు, రెండు రకముల సాధనములపై, అందొకటి వేరొక యూరిలో. మన కుటుంబములు పలు రాష్ట్రములలో వ్యాపించియుండుట ఇచట మనకు లాభము. హోసూరులోని ప్రతిని బరంపురములోని మేనమామ యింట రహస్యలిపిలో భద్రపరుపవచ్చును. ఆ లిపి తాళపుచెవిని మాత్రము ఇంటి పెద్దలలో ఇద్దరికైనను తెలియునట్లు కాగితముపై వ్రాసి బీరువాలో నుంచవలెను. మూడు నెలల కొకసారి ఒక ఫైలును ప్రతినుండి తిరిగి తెచ్చి తెరచి చూడవలెను. తెరచి చూడని ప్రతిని నమ్మరాదు.

తలిదండ్రులకు మనవి: బాలబాలికలకు ఈ పని అప్పగించుడు, కాని కాపలాను వారొక్కరికే వదలకుడు. నెలకొక సాయంకాలము కలిసి కూర్చుండి మరమ్మతులు చేరినవా, ప్రతులు సరిగా నున్నవా యని చూడుడు. అంత తీరిక లేనివారు సర్వరును ఇంటిలోపలికి మాత్రమే పరిమితము చేసి, ప్రతుల నియమము నొక్కటి పాటించినను చాల మేలు పొందుదురు. అవ్వ పాట మనుమరాలికి వినబడవలెనన్నచో ఎవరో యొకరు దానిని దాచి, కాచి, అప్పుడప్పుడు తెరచి వినుచుండవలెను.

ప్రశ్నలు

1. 8 వాట్ల యంత్రము 30 దినములు నిరంతరముగా పనిచేసినచో ఎన్ని యూనిట్లు ఖర్చగును?
2. అడుగని పలుకరింపును రూటరు ఏల విడిచివేయును?
3. తాళపుకప్ప, తాళపుచెవి యను పోలికతో ఎస్.ఎస్.హెచ్. జంట తాళమును వివరింపుము.
4. మీ యింటిలో రెండవ ప్రతి లేని తెలుగు వ్రాతలు, పాటలు ఏవి కలవో పెద్దల నడిగి పట్టిక వ్రాయుము.