ఇంజనీరు – వృత్తిధర్మం

పాలకొల్లు పరిసరాలలో పెరిగిన విద్యార్థికి వరిచేలు, కొబ్బరితోటలు నిత్యం కనిపించే దృశ్యాలే. విజ్జేశ్వరం వద్ద గోదావరి నుండి బయలుదేరిన నీరు నరసాపురం కాలువ ద్వారా ఈ నేలను తడుపుతున్నది. ఆ నీటి వెనుక ఒక ఇంజనీరు ప్రతిభతోపాటు ఆయన పాటించిన వృత్తిధర్మం కూడా ఉన్నది.

1833 నాటి కరువు, 1839 నాటి ఉప్పెన ఈ ప్రాంతాన్ని కుంగదీశాయి. 1821లో సుమారు 7 లక్షల 38 వేలుగా ఉన్న రాజమండ్రి జిల్లా జనాభా 1841 నాటికి దాదాపు 5 లక్షల 61 వేలకు పడిపోయింది. పక్కనే జీవనది పారుతున్నా ప్రజలు ఆకలితో అలమటించారు. ఈ దుస్థితిని పరిశీలించిన ఆర్థర్ కాటన్ ఇందుకు ప్రకృతిని మాత్రమే నిందించలేదు. నీటివనరుల నిర్వహణలోని నిర్లక్ష్యాన్ని తాను కొలువు చేస్తున్న ప్రభుత్వానికే తెలియజేశారు. ఆయన కృషితో 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని ఆరంభమై 1852లో పూర్తయింది.

లోతు తెలియని ఇసుకలో పునాది నిలిపే విద్యను చోళుల కాలపు కల్లణై నుండి నేర్చుకున్నామని కాటన్ బాహాటంగా అంగీకరించారు. పరుల ప్రతిభను తనదిగా చెప్పుకోకపోవడం వృత్తిధర్మంలో ఒక ముఖ్యాంశం. ఆనకట్ట నిర్మాణంలో ఆయనకు తోడ్పడిన తెలుగువాడు వీణం వీరన్న. 1878లో, వృద్ధాప్యంలో సైతం, కాటన్ బ్రిటిష్ పార్లమెంటు సంఘం ఎదుట నీటిపారుదల ఆవశ్యకతను సమర్థించారు.

సత్యాన్ని సకాలంలో గుర్తించకపోతే ఏమవుతుందో కెనడాలోని క్వెబెక్ వంతెన తెలుపుతుంది. ప్రధాన స్తంభాల నడుమ దూరాన్ని 1600 నుండి 1800 అడుగులకు పెంచినా, వంతెన బరువును సకాలంలో తిరిగి లెక్కించలేదు. ఉక్కు భాగాలు వంగుతున్నట్లు ముందుగానే కనిపించినా పని ఆగలేదు. పనిని నిలపాలన్న సూచన నిర్మాణస్థలానికి చేరకముందే, 1907 ఆగస్టు 29న వంతెన కూలి 75 మంది కార్మికులు మరణించారు. అక్కడ లోపించినది విద్య కాదు, జాగరూకత.

విద్యార్థులారా! రేపు మీలో కొందరు ఇంజనీర్లు కావచ్చు. స్వయంగా చూడని పనికి కొలతల పుస్తకంలో సంతకం చేయకండి. సిమెంటు పాలు తగ్గితే ఊరుకోకండి. మీ లెక్కలో తప్పు దొర్లితే దాచక వెంటనే చెప్పండి. వంతెన దాటే బాటసారి మీ పటాలను చదవలేడు. మిమ్మల్ని నమ్మి అడుగు వేస్తాడు. ఆ నమ్మకాన్ని నిలుపుకోవడమే వృత్తిధర్మం.

కఠిన పదాలు – అర్థాలు
ఉప్పెన = తుఫానువల్ల సముద్రం భూమిపైకి పొంగుట
బాహాటంగా = బహిరంగంగా
జాగరూకత = మెలకువ, జాగ్రత్త

ప్రశ్నలు
1. కాటన్ వృత్తిధర్మాన్ని ఏయే విధాలుగా పాటించారు?
2. క్వెబెక్ వంతెన కూలిపోవడానికి కారణాలేవి?
3. మీ ఊరిలోని ఒక నిర్మాణాన్ని పరిశీలించి, దాని భద్రతకు ఎవరెవరు బాధ్యులో వివరించండి.