పట్టివేసిన ట్రాక్టరు ఇంజనును విడిపించు విధము



క్రిందటి వానకాలము వెళ్లిన పిదప మన సభ్యులలో నొకరు మా యొద్దకు వచ్చి, “అయ్యా, మా నాయన కొన్న ట్రాక్టరు ఇంజను పట్టివేసినది. ఇనుపతుక్కు కొనువాడు రేపు వచ్చి తూకము వేసికొని పోవునట. ఇచ్చివేయుదునా?” అని యడిగిరి. మేము వెళ్లి చూచితిమి. అది మాసీ ఫెర్గూసన్ 35 అను పాతబండి. ఆరేండ్లుగా చింతచెట్టు క్రింద కదలక నిలిచియున్నది. మీదికి నిలిచిన పొగగొట్టమునకు మూత లేదు. దాని కథ యంతయు ఆ మూత లేకపోవుటలోనే యున్నది. “తుక్కువానిని ఒక నెల యాగుమనుడు” అని చెప్పి వచ్చితిమి.

అట్లు చెప్పుటకు మా కొక కారణము కలదు. కొన్నియేండ్ల క్రిందట మరియొక గ్రామమున ఇట్టిదే యొక ఇంజను పట్టివేయగా, మేము దగ్గర నిలిచి, బండిని గేరులో వేయించి, గొలుసుతో మరియొక ట్రాక్టరునకు కట్టి లాగించితిమి. చక్రములు కొంతదూరము తిరుగక ఈడ్చుకొనిపోయినవి. అంతట తటాలున నొక శబ్దము వచ్చెను. ఇంజను తిరిగినదని చూచువారందరు సంతోషించిరి. విప్పి చూడగా కనెక్టింగు రాడ్డు వంగి, పిస్టను పగిలి, లైనరు చీలియుండెను. ఆ బండి తుక్కునకే పోయెను. తొందర మాది, నష్టము ఆ రైతుది. నాటినుండి పట్టివేసిన ఇంజను వద్ద బలము చూపరాదని నిశ్చయించుకొంటిమి.

మాసీ ఫెర్గూసన్ 35 మొదట ఇంగ్లండులోని కవెంట్రీ నగరమున తయారైన బండి. మదరాసున, అనగా నేటి చెన్నైలో, 1960వ సంవత్సరమున స్థాపింపబడిన టాఫే సంస్థ ఈ జాతి బండ్లను మన దేశమున తయారుచేసినది. 1959 నుండి దీనికి మూడు సిలిండర్ల పెర్కిన్సు డీజిలు ఇంజను అమర్చబడినది. సిలిండరు వ్యాసము 91.4 మిల్లీమీటర్లు, పిస్టను నడక 127 మిల్లీమీటర్లు. ఈ కొలతలు పని చేయునపుడు అక్కరకు వచ్చును.

ముందు రోగము తెలిసికొనుట

ఇంజను తిరుగనంత మాత్రమున పిస్టనే పట్టినదని యెంచరాదు. గేరును న్యూట్రలులో నుంచవలెను. స్టార్టరును విప్పి తీయవలెను. దాని పండ్లు ఫ్లైవీలు పండ్లలో చిక్కుకొన్నను ఇంజను కదలదు. ఫ్యాను బెల్టును సడలించి, నీటిపంపు తిరుగుచున్నదో లేదో చూడవలెను. ఈ చిన్న పరీక్షలకు ఒక గంట చాలును.

సిలిండరులో నీరు నిండియున్నను ఇంజను ఆగిపోవును. నీరు గాలివలె అణగదు గదా. అట్టి స్థితిలో బలముగా త్రిప్పినచో రాడ్డు వంగును. కావున త్రిప్పుటకు పూర్వమే నాజిళ్లను ఊడదీయవలెను. పిదప ఆయిలు చాంబరు క్రింది మరను మెల్లగా సడలించి, మొదట ఏమి వచ్చునో చూడవలెను. నీరు నూనెకంటె బరువు గనుక అడుగున చేరి ముందుగా దిగును. నూనె మజ్జిగవలె తెల్లబడియున్నచో నీరు దానిలో కలిసినదని తెలియవలెను.

పట్టివేయుట మూడు విధములు. మొదటిది తుప్పుచేత, నిలిచిన బండికి వచ్చునది ఇదియే. రెండవది వేడిచేత, నీరు చాలక పిస్టను వ్యాకోచించి లైనరునకు అంటుకొనును. ఇట్టిది చల్లారిన పిదప తనంతట తిరిగినను, లైనరు గీతలు పడియుండును గావున విప్పి చూడక నడుపరాదు. మూడవది నూనె అందక క్రాంకు బేరింగులు కాలి పట్టుట. దీనికి సిలిండరులో ఎంత నూనె పోసినను ప్రయోజనము లేదు, క్రిందినుండి విప్పవలసినదే. ఈ బండికి వేరుగా చట్రము లేదు. ఇంజను, గేరుపెట్టె, వెనుక ఇరుసు ఒకదాని కొకటి బిగింపబడి తామే వెన్నెముకయై యున్నవి. కాబట్టి ఇంజనును విడదీయునపుడు ముందువెనుకల బలమైన దిమ్మలు పెట్టనిదే మర సడలింపరాదు.

నానబెట్టుట

మన సభ్యుని బండి నిలిచి పట్టినది కనుక తుప్పే యని యెంచితిమి. డీజిలు ఇంజనులో నాజిలు రంధ్రము చిన్నది; దాని గుండ లోపలి స్థితి తెలియదు. హెడ్డు దింపించితిమి. మొదటి సిలిండరు శుభ్రముగా నుండెను. రెండవదానిలో సన్నని మరక. మూడవదానిలో పిస్టనుపైన గోడ చుట్టును ఎర్రని తుప్పుపొర. బండి ఆగిన దినమున ఆ సిలిండరు పొగవాల్వు తెరచియుండుటచే, గొట్టమున దిగిన వాననీరు నేరుగా లోనికి పోయినది. మూడింటిలో ఒక్కటియే పట్టి, తక్కిన రెంటిని కూడ ఆపివేసినది.

డీజిలును, పవరు స్టీరింగునకు వాడు పలుచని ఎర్రనూనెను సమభాగములుగా కలిపి ప్రతి సిలిండరులోను రెండంగుళముల లోతు పోసి, రేకు కప్పితిమి. కొందరు ఎర్రనూనెలో సమముగా అసిటోను కలుపుదురు. అది సందులలోనికి బాగుగా దిగును గాని త్వరగా ఎగిరిపోవును, నిప్పు త్వరగా అంటుకొనును. దాని దగ్గర బీడీ, దీపము కూడదు.

చింతపులుసుతో ఇత్తడిబిందెను తోమినట్లు పులుపుతో తుప్పును పోగొట్టవచ్చునని కొందరు చెప్పిరి. పులుపు తుప్పును తినుట నిజమే. అది అల్యూమినియము పిస్టనును, బేరింగు లోహమును కూడ తినును. అది కూడదు.

నూనె మట్టమును రోజునకు రెండుమారులు పుల్లతో కొలిచి వ్రాసికొంటిమి. మొదటి సిలిండరులో నూనె మరునాటికే దిగిపోయెను. మూడవదానిలో తొమ్మిది దినములు చుక్క తగ్గలేదు. ఇంటివారు విసిగిరి. పదవనాటి ఉదయము పుల్లపై తడిగీత ఒక గింజెడు క్రిందికి వచ్చెను. నూనె రింగుల సందున దారి చేసికొన్నదని దాని యర్థము. ఇంజను విడుచుటకు ముందు ఇచ్చు సంకేతము ఇదియే. ఈ గీత దిగక పూర్వము సుత్తి పట్టువాడు మా పాత తప్పునే మరల చేయును.

కదల్చుట

మొదట పిస్టనుపైనున్న గోడల తుప్పును సన్నని ఎమరీ కాగితముతో నూనె తడిపి రుద్ది తీసి, పొడిని గుడ్డపేలికతో ఎత్తివేయవలెను. ఒక పిస్టను క్రిందికి పోవునపుడు మరియొకటి పైకి వచ్చును. పైకి వచ్చునది తుప్పుగట్టును తాకినచో రింగు విరుగును. కావున మూడు సిలిండర్లను శుభ్రపరుపవలెను. తడిలైనర్లు గల ఇతర ఇంజనులలో హెడ్డు తీసిన పిదప లైనర్లు పైకి లేవకుండ మరలతో అదిమి పట్టుట కూడ అవసరము.

పిస్టను మిక్కిలి పైన గాని, మిక్కిలి క్రింద గాని యున్నపుడు దానిని కొట్టుట వ్యర్థము. అప్పుడు రాడ్డు, క్రాంకు ఒకే గీతలో నుండుటచే దెబ్బయంతయు బేరింగుపై పడును గాని క్రాంకు తిరుగదు. నడుమనున్న పిస్టనునే కదల్పవలెను. మా అదృష్టమున మూడవది నడక మధ్యనే యుండెను. తుమ్మకొయ్యను 85 మిల్లీమీటర్ల వ్యాసమున గుండ్రముగా చెక్కించి, పిస్టను నడిమిపై గాక అంచుచుట్టును ఆనునట్లు క్రింది ముఖమును తొలిపించితిమి. దానిపై కొయ్యసుత్తితో చిన్న దెబ్బలు వేయించితిమి. ఆ దెబ్బలు పిస్టనును త్రోయుటకు గాదు, తుప్పును అదర్చుటకు.

అదే సమయమున స్టార్టరు విప్పిన సందునుండి ఫ్లైవీలు పండ్లకు కడ్డీ ఆనించి ఒక మనిషి బలముతో మాత్రమే నెట్టించితిమి. కడ్డీకి గొట్టము తొడిగి పొడుగు చేయరాదు. మేము చదివిన మిషను పాఠశాలలో వడ్రంగము నేర్పిన ఉపాధ్యాయులు, బిగిసిన మరను విప్పుటకు ముందు కొంచెము బిగించి చూడుమని చెప్పెడివారు. ఆ మాట ఇచ్చట పనికివచ్చినది. ఒకే దిక్కునకు నెట్టక, ఒకసారి ముందునకు, ఒకసారి వెనుకకు ఊపించితిమి. పదునారవనాటి సాయంకాలము ఫ్లైవీలు అర అంగుళము కదలెను. అంతటితో ఆపించి, మరల నూనె పోయించితిమి. ఉత్సాహమున అప్పుడే చుట్టు త్రిప్పినచో ఊడిన తుప్పు రింగులలో ఇరుకును. పందొమ్మిదవనాడు ఇంజను పూర్తిగా ఒక చుట్టు తిరిగెను.

గ్యాసుమంటతో కాల్చుదమని ఒక పనివాడు చెప్పగా వలదంటిమి. ఒకచోట మాత్రమే కాలిన పోతయినుము పగులును. అదియు గాక అల్యూమినియము పోతయినుమునకంటె సుమారు రెట్టింపు వ్యాకోచించును. వేడియెక్కినకొలది పిస్టను మరింత బిగియును. నూనె నిండిన సిలిండరు దగ్గర మంట ప్రాణాపాయము కూడ.

విడిన పిదప

ఇంజను తిరిగినది గదా యని వెంటనే స్టార్టు చేయరాదు. మూడవ పిస్టనును వెలికి తీయగా ఒక రింగు విరిగి, మరియొకటి గాడిలో అంటుకొనియుండెను. కొత్త రింగులు వేయించితిమి. హెడ్డులోని వాల్వులు స్వేచ్ఛగా దిగి లేచుచున్నవో లేదో ఒక్కొక్కటిగా చూడవలెను. పట్టిన వాల్వుతో నడిపినచో పుష్‌రాడ్డు వంగును. నానబెట్టిన నూనె క్రిందికి దిగి ఆయిలును పలుచన చేసియుండును గావున దానిని పూర్తిగా దింపి, కొత్త ఆయిలు, కొత్త ఫిల్టరు వేయవలెను. డీజిలు టాంకిని కడుగవలెను. మొదటిసారి కొద్ది నిమిషములే నడిపి, ఆయిలు ఒత్తిడి వచ్చినదో లేదో చూచి ఆపవలెను.

ఖర్చు విషయమున దాచరాదు. నూనె, ఎమరీ, రింగులు, గాస్కెట్లు, పనివాని కూలి అన్నియు కలిసి తుక్కువాడు ఇచ్చెదనన్న మొత్తములో కొంత భాగమైనది. లైనరు లోతుగా తినియున్నచో ఈ లెక్క మారియుండును. అప్పుడు అమ్ముడనియే చెప్పియుందుము. విప్పి చూచిన పిదప అమ్మవలెనని తోచిన అమ్ముట తప్పు గాదు. చూడక అమ్ముటయు, చూడక లాగుటయు తప్పు.

నిలిపియుంచు బండి గలవారు మూడు పనులు మరువకుడు. పొగగొట్టముపై ఒక డబ్బా బోర్లించుడు. నెలకొకసారి ఇంజనును నడిపి బాగుగా వేడెక్కనిండు. వీలుకానిచో చేతితోనైన కొన్ని చుట్లు త్రిప్పుడు. చాలకాలము నిలుపునపుడు నాజిళ్లు తీసి సిలిండర్లలో కొంచెము ఇంజను ఆయిలు పోయుడు.

నెల నిండిన దినమున తుక్కువాడు త్రాసుతో వచ్చెను. ఆ వేళకు మన సభ్యుడు అదే బండితో దొడ్డిలోని ఎరువును పొలమునకు తోలుచుండిరి. పొగగొట్టముపై ఒక పాలడబ్బా మూత తీగెతో కట్టబడి, పొగ వచ్చినపుడెల్ల లేచి పడుచుండెను. తుక్కువాడు దానిని కొంతసేపు చూచి, మాతో మాటలాడకయే వెడలిపోయెను.