షిఫ్టుల ఉద్యోగం వచ్చింది – ఒప్పుకోవచ్చా?

నర్సింగు కోర్సు పూర్తయింది. రిజిస్ట్రేషన్ చేతికొచ్చింది. పట్నంలోని ఆసుపత్రి నుండి స్టాఫ్ నర్సు ఉద్యోగానికి పిలుపు వచ్చింది. కాని అందులో ఒక షరతు ఉంది: డ్యూటీలు షిఫ్టుల ప్రకారం మారుతుంటాయి. దీనిమీద అమ్మ ఒకటంటుంది, నాన్న ఒకటంటాడు, పెళ్ళయినవారైతే అత్తగారు మరొకటంటారు. ఇటువంటప్పుడు ఎలా నిర్ణయించుకోవాలో ఈ వారం తెలుసుకుందాం.

మన వైపు చాలా ఆసుపత్రులలో ఉదయం 8 నుండి 2 వరకు ఒక డ్యూటీ, 2 నుండి రాత్రి 8 వరకు మరొకటి, రాత్రి 8 నుండి మరునాడు ఉదయం 8 వరకు మూడవది. అంటే నైట్ డ్యూటీ 12 గంటలు. రోగుల వివరాలు తరువాతి నర్సుకు అప్పగించి బయటపడేసరికి ఇంకా ఆలస్యమవుతుంది.

రాత్రి నిద్రపో, పగలు మేలుకో అని చెప్పే గడియారం మన శరీరంలోనే ఉంది. డ్యూటీ మారినంత త్వరగా అది మారదు. అందుకే పగటి నిద్ర తక్కువసేపు పడుతుంది, తరచు చెదురుతుంది. రాత్రి షిఫ్టు పని మనుషులలో బహుశా క్యాన్సరుకు కారణం కాగలదని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనా సంస్థ 2007లో పేర్కొని, 2019లో మళ్ళీ ధ్రువీకరించింది. నైట్ చేసిన వారందరికీ జబ్బు వస్తుందని దీని అర్థం కాదు. నిద్రను తేలికగా తీసుకోరాదని అర్థం. 17 గంటలు మేలుకొని ఉన్న మనిషి చేతిపనిలో చురుకుదనం కొంత మద్యం తాగినవాని స్థాయికి పడిపోతుందని 1997లో ఒక పరిశోధన తేల్చింది. తెల్లవారుజామున ఇంజెక్షను మోతాదు లెక్కవేసే నర్సుకు ఇది చిన్న విషయమా? ఆమె నిద్ర ఆమె ఒక్కదాని సంగతి కాదు, ఆ వార్డులోని రోగుల సంగతి కూడా.

కనుక సంతకం చేయకముందే ఈ విషయాలు అడగండి.

1. నెలకు ఎన్ని నైట్లు? వరుసగా ఎన్ని? నైట్ ఆఫ్ ఎన్ని రోజులు? డ్యూటీ చార్టు ఎంత ముందుగా ఇస్తారు? ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అనే వరుసలో మారితే శరీరానికి కొంత సులువు. రెండు షిఫ్టుల మధ్య కనీసం 12 గంటల విశ్రాంతి ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1977లోనే సిఫారసు చేసింది.

2. రాత్రివేళ ఒక్కో నర్సుకు ఎంతమంది రోగులు?

3. రాత్రి 8 దాటాక ఇల్లు చేరేదెలా? ఆసుపత్రి బండి గాని, హాస్టలు గాని ఉన్నదా?

4. జీతమెంత? నైట్ అలవెన్సు ఉన్నదా? బాండు అడుగుతారా? ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించండి, వారి దగ్గర వదలిరాకండి. 2016లో సుప్రీంకోర్టు ఆదేశంపై ఏర్పడిన నిపుణుల సంఘం చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో కూడా నర్సు జీతం నెలకు 20,000 రూపాయలకు తగ్గరాదని, 200 పడకలు దాటినచోట ప్రభుత్వ నర్సు జీతంతో సమానంగా ఉండాలని సూచించింది. ఇది సిఫారసే. అయినా మీకిచ్చే జీతాన్ని దీనితో పోల్చి చూసుకోండి.

అన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఆసుపత్రిలో అడిగేది కాదు, ఇంట్లో అడిగేది. నైట్ ముగించుకొని ఉదయం తొమ్మిదింటికి మీరు గడప తొక్కితే ఆ రోజు వంట ఎవరిది? పిల్లలను బడికి పంపేదెవరు? పట్టపగలు తలుపు వేసుకొని పడుకున్న కోడలిని చూసి, అలిసి వచ్చిందని అనుకుంటారా, బద్ధకస్తురాలని అనుకుంటారా? జీతం అందరూ పంచుకొని, పనిమాత్రం ఆమెకే వదిలేసే ఇంట్లో ఎంత మంచి ఉద్యోగమైనా నిలవదు. కాబట్టి డ్యూటీ చార్టు పక్కన ఇంటి పనుల చార్టు కూడా రాసి, ఎవరి పేరు ఎక్కడో ముందే ఖాయం చేసుకోండి.

ఆదివారం డ్యూటీ పడితే పూజ తప్పుతుందే అని బాధపడేవారున్నారు. 1983 నాటి తిరుసభ చట్టం ప్రకారం శనివారం సాయంత్రపు దివ్యబలిపూజలో పాల్గొన్నా ఆదివారపు బాధ్యత తీరుతుంది. రోగిని విడిచి రాలేని నర్సుపై దోషమేమీ లేదు. సందేహముంటే మీ విచారణ గురువులను అడగండి.

ఇంట్లో అందరూ సరేనంటే ధైర్యంగా చేరండి. రోగికి అర్ధరాత్రి కూడా ఒక మనిషి కావాలి కదా! పసిబిడ్డ ఉండి, సాయపడేవారు లేకపోతే, మీ ఆరోగ్యమే అంతంతమాత్రమైతే, పగటి డ్యూటీ దొరికే క్లినిక్కు గాని, నర్సింగు స్కూలు గాని చూసుకోండి. కాదన్నంత మాత్రాన మీ సేవకు విలువ తగ్గదు.

ఇంట్లో చర్చకు:
అ) మా ఇంట్లో నైట్ చేసి వచ్చినవారికి ఆరేడు గంటల నిద్ర దొరుకుతుందా?
ఆ) అందుకోసం నేను ఏ పని తీసుకుంటాను?