అమ్మకూ ఒక వంతు

మా అక్క వాళ్ల ఊళ్లో కుళాయి నీళ్లు రెండు రోజులకోసారి వస్తాయి. ముందు గొట్టంలో గాలి బుసకొడుతుంది. ఆ తర్వాత ఎర్ర నీళ్లు, ఆ తర్వాత తేట నీళ్లు. ఆ బుస వినబడితే చాలు, అక్క కొడుకు ఎక్కడున్నా పరుగెత్తుకొస్తాడు. ధార కింద చెయ్యి పెట్టి, వేళ్ల సందుల్లోంచి నీళ్లు చీలి పడుతుంటే తల పక్కకు వాల్చి చూస్తాడు. వాడికి తొమ్మిదేళ్లు. ఆటిజం ఉంది. పలికే మాటలు పది పన్నెండు. వాటిలో మొదట వచ్చింది ‘నీల్లు’.

కళ్యాణదుర్గం వైపు పల్లెలో, బిందె బిందెకూ లెక్క చూసుకునే ఇంట్లో, నీళ్లంటే ఇంత ప్రాణం పెట్టే పిల్లవాడు. అక్క వాడికోసం ఒక బిందె వేరుగా పెడుతుంది. అందులోంచి చెంబుతో తొట్టిలోకి, తొట్టిలోంచి తిరిగి బిందెలోకి అరగంట సేపు పోసుకుంటాడు. ఆ నీళ్లతోనే తర్వాత గిన్నెలు తోముతుంది, కడిగిన నీళ్లు కరివేపాకు చెట్టుకు పోస్తుంది. వాడి సంతోషమూ పోలేదు, చుక్క నీరూ పోలేదు. ఇంత లెక్క తెలిసిన మనిషి, తన ఒంటి లెక్క మాత్రం చూసుకోలేదు.

మొన్న ఎండాకాలం ఆ కుళాయి దగ్గరే కళ్లు తిరిగి పడిపోయింది. హిమోగ్లోబిన్ 7 ఉంది. “ఎన్నాళ్ల నుంచి సరిగ్గా నిద్ర లేదమ్మా?” అని డాక్టరమ్మ అడిగితే, “వాడు పుట్టినప్పటి నుంచి” అంది. అంతకుముందు రోజు ఏం తిన్నావంటే గుర్తు తెచ్చుకోలేకపోయింది.

మంచం పక్కన కూర్చున్న మా నాన్న సేద్యగాడు. ఆయనకు తెలిసిన భాషలో ఒకటే మాటన్నాడు: “బోరుకైనా గంట నడిపితే రెండు గంటలు నిలపాల పాపా. ఊట చేరొద్దా?”

ఈ వ్యాసం ఆ మాట దగ్గర మొదలైంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మాది. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే బరువు దించుకుంటాయి, ఈశాన్యపు వాన తీరం నుంచి ఇంత దూరం వచ్చేసరికి పలచబడుతుంది. అందుకే ఇక్కడి రైతుకు బోరు మీద జాలి తెలుసు. నీళ్లు ఆగి ఆగి పోస్తుంటే మోటారు ఆపేస్తాడు. దాన్ని ఎవరూ బద్ధకం అనరు. ఆపకపోతే మోటారే కాలిపోతుంది.

తల్లి శరీరం కూడా ఇలాంటిదేనని చెప్పే పరిశోధన ఒకటుంది. ఆటిజం ఉన్న ఎదిగిన పిల్లల తల్లులను అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం వాళ్లు పరిశీలించి 2010లో ఫలితాలు ప్రచురించారు. ఒత్తిడి వేళ శరీరం విడుదల చేసే కార్టిసాల్ అనే హార్మోన్ ఆ తల్లుల్లో మిగతా తల్లుల కంటే తక్కువగా కనబడింది. ఎక్కువ ఉంటుందనుకుంటాం కదా. ఏళ్ల తరబడి ఒత్తిడిని మోసినవాళ్లలో అలా తగ్గడం కనిపిస్తుందట. అది చదివినప్పుడు నాకు కుళాయి దగ్గర పడివున్న అక్క గుర్తొచ్చింది.

మరి అంత అలసిన తల్లి ఎందుకు ఆగదు? ‘తీరిక లేక’ అంటాం. అది సగం నిజం. మిగతా సగం ఎవరూ పైకి చెప్పరు. తనవల్లే బిడ్డ ఇలా పుట్టాడని ఆమె లోపల ఎక్కడో నమ్ముతుంది. నమ్మించింది మనమే. “గ్రహణం నాడు బయట తిరిగిందేమో”, “వస పోసుంటే మాటలొచ్చుండు”, “ఫోను చేతికిచ్చి చెడగొట్టింది.” ఈ మాటలు పడ్డ తల్లి తిండి మానుకోవడం, నిద్ర మానుకోవడం, జబ్బు చేస్తే ఆసుపత్రికి పోకపోవడం త్యాగం లాగా కనిపిస్తుంది. నాకు అది శిక్ష లాగా కనిపిస్తుంది, తనకు తాను వేసుకున్న శిక్ష.

పల్లెల్లో మాత్రమే ఇలా అనుకోలేదు, చదువుకున్న ప్రపంచం కూడా ఈ తప్పే చేసింది. 1943లో లియో కానర్ అనే వైద్యుడు 11 మంది పిల్లలను వర్ణిస్తూ ఆటిజాన్ని మొదటగా వివరంగా రాశాడు. ఆ తర్వాత రెండు మూడు దశాబ్దాలు, మనసు గడ్డకట్టిన తల్లుల వల్లే పిల్లలు ఇలా అవుతారని పెద్ద పెద్ద వాళ్లే చెప్పారు. బ్రూనో బెటెల్‌హైమ్ 1967లో దానిమీద పుస్తకమే రాశాడు. ఆ వాదాన్ని ఎదిరించినవాడు ఒక తండ్రి. తన కొడుక్కి ఆటిజం ఉన్న బెర్నార్డ్ రిమ్లాండ్ 1964లోనే, ఇది మెదడు ఎదుగుదలకు సంబంధించిన సంగతి, తల్లి ప్రేమకు సంబంధించింది కాదని పుస్తకం రాశాడు. 1977లో ఫోల్‌స్టీన్, రట్టర్ 21 కవల జంటలను చూసి జన్యువుల పాత్ర ఎంతో చూపించారు. తల్లి నిర్దోషి అని తేలి దశాబ్దాలు గడిచాయి. ఆ కబురు ఇంకా మన వాకిళ్ల దాకా రాలేదు. అమ్మా, మీరు ఈ పేజీ చదువుతుంటే, ఈ పేరా ఒక్కటైనా ఇంట్లో అందరికీ వినబడేలా చదవండి.

ఇక రెండో కష్టం. ఇప్పుడు ఎక్కడికి పోయినా “తల్లే మొదటి థెరపిస్టు” అంటున్నారు. అందులో నిజముంది. పెద్ద నిపుణులు లేని చోట్ల, శిక్షణ పొందిన మామూలు కార్యకర్తలు తల్లిదండ్రులకు పిల్లలతో మెలిగే తీరు నేర్పితే ఫలితం ఉంటుందని మన గోవాలోనూ, పాకిస్థాన్‌లోని రావల్పిండిలోనూ చేసిన అధ్యయనం చూపించింది. కానీ అక్కకు ఒకచోట ఇచ్చిన కాగితం నేను చూశాను. పొద్దున నుంచి రాత్రి దాకా పది పనులున్నాయి. అడుగున ‘మీ ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకోండి’ అని పదకొండో పని. పై పదిలో రెండైనా మరొకరు తీసుకోకుండా, ఆ పదకొండోది చెప్పడం తల్లికి బరువు పెంచడమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇలాంటి కుటుంబాల కోసం తయారుచేసిన శిక్షణలో పెంచేవాళ్ల క్షేమాన్ని కూడా పాఠంలో భాగం చేశారు. అది సరైన పద్ధతి.

అలా పని పంచుకోవడానికి మా ఇంట్లో దొరికిన మాట ‘వంతు’. వెనకటికి ఒకే బావి కింద నలుగురు అన్నదమ్ముల పొలాలుంటే వంతుల మీద నీళ్లు కట్టుకునేవాళ్లు. ఎవరి వంతు వాళ్లదే, అడుక్కోవాల్సిన పని లేదు. తల్లి విశ్రాంతి కూడా అంత ఖాయంగా ఉండాలి. ‘తీరిక దొరికితే పడుకో’ అంటే ఆమెకు జీవితంలో తీరిక దొరకదు. సాయంత్రం ఐదు నుంచి ఆరు దాకా అక్క వాళ్లత్త వంతు అంటే, ఆ గంట దొరుకుతుంది.

చెప్పినంత సులువు కాలేదు. “వాడు నా మాట వినడు, ఏడిస్తే నేనేం చేసేది?” అని అత్త భయపడింది. అక్కకు అంతకంటే ఎక్కువ భయం. అప్పుడు ఒక వంద పేజీల నోటుబుక్కు తెచ్చి అక్కా నేనూ కూర్చుని రాశాం. మిక్సీ శబ్దానికి చెవులు మూసుకుంటాడు, ముందే చూపించి వేయాలి. సంగటి ముద్ద పప్పులో ముంచితే తినడు, పప్పు వేరే గిన్నెలో పెట్టాలి. చెయ్యి కొరుక్కుంటుంటే అరవొద్దు, దుప్పటి గట్టిగా చుట్టి పక్కన ఊరికే కూర్చోవాలి. ఆరు పేజీలు నిండాయి. అక్క తలలో తొమ్మిదేళ్లుగా ఉన్నదంతా మొదటిసారి కాగితం మీదికి వచ్చింది. అత్తకు చదువు రాదు. మా చిన్నమ్మాయి చదివి వినిపిస్తే రెండు రోజుల్లో నోటికొచ్చేసింది.

మొదటి రోజు అక్క గుడి దగ్గర వేపచెట్టు దాకా పోయి పది నిమిషాలకే తిరిగొచ్చింది. రెండో రోజు వాడు ఏడ్చాడు, అత్తా ఏడ్చింది. వారం తర్వాత గంట పూర్తిగా గడిచింది. బావ బెంగళూరులో బిల్డింగు పనికి పోయి పదిహేను రోజులకోసారి వస్తాడు. వచ్చిన ఆదివారం మధ్యాహ్నం దాకా ఆయన వంతు. “సాయం చేయి” అనలేదు అక్క. “వంతు” అంది. సాయం అంటే పని ఆమెదే అవుతుంది కదా.

రాత్రి సంగతి వేరు. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి నిద్ర సరిగా పట్టదు. చెప్పకుండా ఇల్లు దాటడం, నీళ్ల వైపు పోవడం ఏ దేశంలోనైనా ఈ తల్లులకున్న భయమే. ఊరి పక్క కుంటలో నాలుగు వానలకే నీళ్లు నిలుస్తాయి. అందుకని అక్క వాడి చొక్కా కొనను తన చేతికి చుట్టుకుని పడుకునేది. దాన్ని నిద్ర అంటారా? తలుపుకు వాడికి అందనంత ఎత్తున రెండో గొళ్లెం వేయించి, రెక్కకు ఎద్దుల గజ్జెలు నాలుగు కట్టాం. తలుపు కదిలితే ఇల్లంతా మోగుతుంది. ఖర్చు వంద రూపాయలు కాలేదు. అక్క చెయ్యి ఖాళీ అయింది.

తిండి విషయంలో ఒక్క మార్పే అడిగాను: గిన్నె అడుగున మిగిలింది కాకుండా, వాడికి వడ్డించేటప్పుడే తన పళ్లెంలోనూ వడ్డించుకోవాలని. ఐరన్ మాత్రలు వాడి మందుల డబ్బాలోనే పెట్టింది, వాడివి మర్చిపోదు కాబట్టి.

అన్నిటికంటే లోతైన దిగులు ‘నా తర్వాత వీడికెవరు?’ ఊరడింపు మాటలతో అది పోదు, కాగితాలతో కొంత తగ్గుతుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. సదరం ధ్రువపత్రంలో వైకల్యం 40 శాతం, అంతకు మించి ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో పింఛనుకు అర్హత. 2024 జులై నుంచి అది నెలకు రూ.6,000. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ‘నిరామయ’ ఆరోగ్య బీమా లక్ష రూపాయల దాకా ఉంటుంది. బిడ్డకు 18 నిండాక చట్టబద్ధ సంరక్షకుల నియామకం కూడా ఆ చట్టం కిందే జరుగుతుంది. అక్క నెలకు ఒక కాగితం చొప్పున పెట్టుకుంది. సదరం కార్డు చేతికొచ్చిన రోజు రాత్రి, ఎన్నాళ్లకో కలలు రాకుండా పడుకున్నానంది.

ఇలాంటి తల్లికి ఇంకో తల్లి తోడు కావాలి. ఇది నేను గట్టిగా నమ్ముతాను. చెల్లెలిగా నేను ఎంత విన్నా, నా బిడ్డ మాట్లాడతాడు. మండలాల్లోని భవిత కేంద్రాల్లో ఇలాంటి పిల్లల తల్లులు వరండాలో కూర్చుని ఎదురుచూస్తుంటారు. మా జిల్లాలో 1969 నుంచి పనిచేస్తున్న రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు ఊరూరా వికలాంగుల సంఘాలు పెట్టించింది. అలాంటి చోట అక్కకు ఒక స్నేహితురాలు దొరికింది. ఇద్దరూ ఫోనులో ఏం మాట్లాడుకుంటారో నాకు తెలీదు గానీ, నవ్వు మాత్రం వినబడుతుంది.

రెండు వారాలకు మించి ఏ పని మీదా మనసు పోకపోయినా, ఊరికే ఏడుపొస్తున్నా, బిడ్డతో సహా చచ్చిపోదామనే ఆలోచన ఒక్కసారి వచ్చినా, ఆ రోజే 14416కు ఫోన్ చేయండి. అది టెలి మానస్, డబ్బు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ఆ ఆలోచన వచ్చినందుకు మీరు చెడ్డ తల్లి అయిపోరు. మోటారు వేడెక్కిందని అర్థం, అంతే.

పోయిన శనివారం నేను అక్కడే ఉన్నాను. సాయంత్రం ఐదుంబావు. అక్క లోపల చాప మీద పడుకునుంది. గొట్టంలో గాలి బుసకొట్టింది. వాడు వీధిలోంచి పరుగెత్తుకొచ్చాడు, వెనకే అత్త, చంకలో బిందె. అక్క మోచేతి మీద సగం లేచి చెవి పెట్టి విన్నది. చెంబుతో తొట్టిలోకి, తొట్టిలోంచి బిందెలోకి. అటు తిరిగి పడుకుంది.