గ్రాఫిక్స్ కార్డు కంపెనీ మారినప్పుడు వచ్చే డ్రైవర్ చిక్కులు – సరిచేసుకునే పద్ధతి



మన హోసూరు, కృష్ణగిరి ప్రాంతాలలో ఇంజనీరింగు, పాలిటెక్నిక్, యానిమేషన్ కోర్సులు చదివే పిల్లలున్న ఇళ్ళలో డెస్క్‌టాప్ కంప్యూటర్ ఇప్పుడు మామూలు వస్తువైపోయింది. చదువు పైకి వెళ్ళేకొద్దీ క్యాడ్ డ్రాయింగులు, త్రీడీ బొమ్మలు, మెషీన్ లెర్నింగ్ ప్రాజెక్టులు వస్తాయి. ఉన్న గ్రాఫిక్స్ కార్డు చాలదు. ఇంట్లో అందరూ కూర్చుని లెక్క చూసుకుని, హోసూరుకు సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని బెంగుళూరు వెళ్ళి, ఎస్.పి. రోడ్డులో వేరే కంపెనీ కార్డు ఒకటి కొనుక్కొస్తారు. తరచుగా అది సెకండ్‌హ్యాండ్ కార్డే. తీరా బిగించాక తెర నల్లగా ఉండిపోతుంది, లేదా అక్షరాలు పెద్దపెద్దవిగా, మసకగా కనిపిస్తాయి. "చెడిపోయిన సరుకు అంటగట్టారు" అని పెద్దలు, "ప్రాజెక్టు ఇవ్వాల్సిన తేదీ దగ్గరపడింది" అని పిల్లలు కంగారుపడతారు.

ఇలాంటప్పుడు కార్డు బాగానే ఉండి, డ్రైవర్ దగ్గర చిక్కు ఉండటం కద్దు. డ్రైవర్‌ను పదిసార్లు వేసినా తీరని చిక్కు కరెంటు దగ్గరో, కేబుల్ దగ్గరో ఉండటమూ కద్దు. ఏది ఏదో తేల్చుకోకుండా కార్డును తగ్గింపు ధరకు తిరిగి ఇచ్చేస్తే నష్టం. ఇంకొకటి కొంటే మరింత నష్టం. బ్యాంకులో సాయంత్రం లెక్క కుదరకపోతే అన్ని పుస్తకాలూ ఒకేసారి దిద్దేవాళ్ళం కాదు. ఒక్కొక్క ఓచరుకూ టిక్కు పెట్టుకుంటూ వస్తే తేడా ఉన్నచోటే బయటపడేది. ఇక్కడా అదే పద్ధతి: ఒకసారికి ఒకే మార్పు, మార్చిన ప్రతిసారీ ఒక పరీక్ష.

ల్యాప్‌టాప్‌లలో గ్రాఫిక్స్ చిప్ సాధారణంగా బోర్డుకే అతికి ఉంటుంది, మార్చడానికి వీలుండదు. కాబట్టి ఈ పాఠం డెస్క్‌టాప్‌ల గురించి మాత్రమే.

డ్రైవర్ అంటే ఏమిటి?

హోసూరు బస్టాండులో పది నిమిషాలు నిలబడితే తెలుగు, తమిళం, కన్నడం మూడూ చెవిన పడతాయి. ఒకరి భాష మరొకరికి రాకపోతే మధ్యలో దుబాసీ కావాలి. విండోస్‌కూ గ్రాఫిక్స్ కార్డుకూ మధ్య పనిచేసే దుబాసీయే డ్రైవర్. అది ఒక సాఫ్ట్‌వేర్. ఏ కంపెనీ కార్డుకు ఆ కంపెనీ డ్రైవరే కావాలి.

ప్రస్తుతం డెస్క్‌టాప్ కార్డులకు చిప్‌లు చేసే ముఖ్యమైన కంపెనీలు మూడు. ఎన్‌విడియా 1993లో మొదలైంది. దాని కార్డుల పేరు జిఫోర్స్. రేడియాన్ కార్డులు మొదట కెనడాకు చెందిన ఏ.టి.ఐ. సంస్థవి; ఆ సంస్థను 2006లో ఏ.ఎం.డి. కొనుగోలు చేసింది. మూడవది ఇంటెల్, దాని ఆర్క్ కార్డులు 2022లో మార్కెట్టులోకి వచ్చాయి. ఈ రంగంలో పేరు పొందిన తెలుగువారు రాజా కోడూరి. ఆయన 2015 నుండి 2017 వరకు ఏ.ఎం.డి.లో రేడియాన్ విభాగానికి నాయకత్వం వహించి, తర్వాత ఇంటెల్‌కు వెళ్ళి ఆర్క్ కార్డుల తయారీని నడిపించారు.

కార్డు పెట్టెపై ఆసుస్, గిగాబైట్, ఎం.ఎస్.ఐ. వంటి పేర్లుంటాయి. అవి కార్డును తయారుచేసి అమ్మే సంస్థలు. డ్రైవర్ కోసం చూడవలసింది లోపలి చిప్ ఎవరిదన్నదే.

ఒకే కంప్యూటర్‌లో రెండు కంపెనీల డ్రైవర్లు ఉండటం తప్పేమీ కాదు. ఇంటెల్, ఎన్‌విడియా చిప్‌లు రెండూ ఉన్న ల్యాప్‌టాప్‌లు అలాగే నడుస్తున్నాయి. అయితే కార్డు తీసేశాక దాని డ్రైవర్, దానితో వచ్చిన చిన్నచిన్న ప్రోగ్రాములు, సెట్టింగులు మిగిలిపోతే కొన్నిసార్లు కొత్తవాటికి అడ్డుపడతాయి. అందుకే పాతవాటిని ముందుగా శుభ్రం చేయడం మంచిది.

కొనేముందు మూడు ప్రశ్నలు

ఒకటి: మీ సాఫ్ట్‌వేర్‌కు ఏ కార్డు సరిపోతుంది? ఎన్‌విడియా 2007లో విడుదల చేసిన క్యూడా అనే పద్ధతి ఆ కంపెనీ కార్డులకే పరిమితం. క్యూడా మీద రాసిన మెషీన్ లెర్నింగ్ ప్రోగ్రామును ఏ.ఎం.డి. కార్డుపై నేరుగా నడపలేము. డ్రైవర్ ఎంత చక్కగా వేసినా లాభం లేదు. కళాశాలలో ప్రాజెక్టు గైడును ముందే అడిగి తెలుసుకోవాలి. తల్లిదండ్రులు కూడా "ఏ ప్రోగ్రాముకు కావాలి నాయనా?" అని ఒక్క మాట అడగడం మంచిది.

రెండు: పవర్ సప్లై ఎన్ని వాట్లు? జి.టి.ఎక్స్. 1050 టి.ఐ. కార్డు సుమారు 75 వాట్లు తీసుకుంటుంది; చాలా మోడళ్ళకు విడిగా పవర్ కేబుల్ అక్కరలేదు. ఆర్.ఎక్స్. 580 కార్డుకు సుమారు 185 వాట్లు కావాలి, 8 పిన్నుల కేబుల్ కావాలి, మొత్తం మీద 500 వాట్ల మంచి పవర్ సప్లై ఉండాలి. మొదటిది తీసి రెండవది పెట్టేవారు పవర్ సప్లై ఖర్చు కూడా కలుపుకోవాలి.

మూడు: ఆ కార్డుకు కంపెనీ ఇంకా డ్రైవర్లు ఇస్తోందా? ఆర్9 200, ఆర్9 300 వంటి పాత రేడియాన్ శ్రేణులకు ఏ.ఎం.డి. 2021 జూన్‌లో మామూలు డ్రైవర్లు ఆపేసింది. జి.టి.ఎక్స్. 900, 1000 శ్రేణులకు ఎన్‌విడియా మామూలు డ్రైవర్లు 2025 అక్టోబరుతో ముగిశాయి. భద్రతకు సంబంధించినవి 2028 అక్టోబరు వరకు ఇస్తామని ప్రకటించింది. అలాంటి కార్డులు కొనకూడదని కాదు. వాటికి సరిపోయే పాత డ్రైవరునే వెతికి వేయాలి. అన్నిటికన్నా కొత్తది వేయబోతే "మీ హార్డ్‌వేర్‌కు సరిపోదు" అన్న సందేశం వస్తుంది.

మార్చే రోజు చేయవలసిన పనులు

1. ప్రాజెక్టు ఫైళ్ళను పెన్‌డ్రైవులోకి కాపీ చేసుకోండి.

2. కొత్త కార్డు డ్రైవరును చిప్ కంపెనీ సొంత వెబ్‌సైటు నుండి ముందే దించి పెన్‌డ్రైవులో పెట్టుకోండి.

3. విండోస్ అకౌంటు పాస్‌వర్డు కాగితంపై రాసుకోండి. సేఫ్ మోడ్‌లో ఒక్కోసారి పిన్ నంబరు పనిచేయదు. డిస్క్‌కు బిట్‌లాకర్ తాళం ఉంటే దాని రికవరీ కీ కూడా రాసుకోవాలి. ఇది మరిచిపోతే సొంత కంప్యూటరే లోపలికి రానివ్వదు.

4. సెట్టింగ్స్‌లోని యాప్స్ జాబితాలో పాత కంపెనీ గ్రాఫిక్స్ డ్రైవర్, దాని తోడు ప్రోగ్రాములు అన్‌ఇన్‌స్టాల్ చేయండి.

5. షిఫ్ట్ మీట నొక్కిపట్టి షట్‌డౌన్ ఇవ్వండి. మామూలు షట్‌డౌన్‌లో విండోస్ కొంత సమాచారాన్ని దాచుకుని మళ్ళీ వాడుకుంటుంది. షిఫ్ట్ నొక్కితే పూర్తిగా ఆగుతుంది.

6. ప్లగ్గు పీకండి. చేతులు తడి లేకుండా చూసుకుని, క్యాబినెట్ లోపలి ఇనుపభాగాన్ని ఒకసారి తాకి, పాత కార్డు తీయండి. కొత్త కార్డును స్లాటులో క్లిక్కుమని కూర్చునేదాకా నొక్కండి. పవర్ కేబుల్, స్క్రూ బిగించండి.

7. మానిటర్ కేబుల్‌ను కొత్త కార్డుకే తగిలించండి. మదర్‌బోర్డు సాకెట్టుకు తగిలిస్తే తెరపై ఏమీ రాకపోవచ్చు, లేదా కొత్త కార్డు ఉండీ లేనట్టే అవుతుంది.

8. ఇంటర్నెట్ లేకుండా ఆన్ చేయండి. లేకపోతే విండోస్ తనంతట తానే ఒక డ్రైవరు తెచ్చి వేయవచ్చు. రెండు పనులూ ఒకేసారి జరిగితే చిక్కు. మొదట అక్షరాలు పెద్దవిగా కనిపిస్తాయి. అది లోపం కాదు. విండోస్ తాత్కాలికంగా తన సొంత సాదా డ్రైవరుతో నడుస్తోందని అర్థం.

9. పెన్‌డ్రైవు నుండి కొత్త డ్రైవరు వేసి, రీస్టార్ట్ చేసి, అప్పుడు ఇంటర్నెట్ తగిలించండి.

చిక్కు వస్తే – లక్షణాన్ని బట్టి కారణం

అ) ఆన్ చేయగానే వచ్చే కంపెనీ గుర్తు కూడా కనిపించలేదు. ఇది విండోస్ డ్రైవర్ తప్పు కాదు. అప్పటికింకా విండోస్ మొదలే కాలేదు. కార్డు సరిగా కూర్చుందా, పవర్ కేబుల్ ఉందా, మానిటర్ కేబుల్ ఎక్కడుందో చూడండి.

ఆ) గుర్తు కనిపించి, విండోస్ వచ్చే సమయానికి తెర నల్లబడింది. మొదట అనుమానించవలసింది డ్రైవరునే. కింద చెప్పిన సేఫ్ మోడ్ పద్ధతి పాటించండి.

ఇ) అక్షరాలు పెద్దవిగానే ఉండిపోయాయి. డివైస్ మేనేజర్ తెరిచి డిస్‌ప్లే అడాప్టర్స్ కింద చూడండి. మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని ఉంటే డ్రైవరు పడలేదన్నమాట. దాని ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్‌కు వెళ్ళి హార్డ్‌వేర్ ఐడీస్ ఎంచుకోండి. అక్కడ వి.ఇ.ఎన్. అనే అక్షరాల తర్వాత 10డి.ఇ. అని ఉంటే చిప్ ఎన్‌విడియాది, 1002 అని ఉంటే ఏ.ఎం.డి.ది, 8086 అని ఉంటే ఇంటెల్‌ది. పెట్టె లేని సెకండ్‌హ్యాండ్ కార్డు ఎవరిదో తేల్చడానికి ఇదే మంచి మార్గం.

ఈ) డివైస్ మేనేజర్‌లో కార్డు పేరు పక్కన పసుపు గుర్తు, కోడ్ 43. కార్డు తనలో లోపం ఉందని తెలిపింది కాబట్టి విండోస్ దాన్ని ఆపేసిందని అర్థం. కారణం డ్రైవరు కావచ్చు, కార్డే కావచ్చు. పాత డ్రైవర్లు శుభ్రం చేసి మళ్ళీ వేసినా, వేరే కంప్యూటర్‌లో పెట్టినా అదే కోడ్ వస్తే కార్డునే అనుమానించాలి.

ఉ) మామూలుగా బాగానే ఉండి, పెద్ద డ్రాయింగు తెరిచినప్పుడు కంప్యూటర్ మొత్తం టక్కున ఆగిపోతుంది. పవర్ సప్లై చాలడం లేదేమో, వేడి ఎక్కువైందేమో ముందు చూడండి.

సేఫ్ మోడ్‌లో శుభ్రం చేయడం

సేఫ్ మోడ్‌లో విండోస్ కంపెనీ డ్రైవరును వాడదు కాబట్టి తెర కనిపిస్తుంది. తెర పనిచేస్తుంటే షిఫ్ట్ నొక్కిపట్టి రీస్టార్ట్ ఇవ్వండి. తెర నల్లగా ఉంటే, విండోస్ మొదలవుతున్నప్పుడు పవర్ బటన్ నొక్కిపట్టి ఆపండి. ఇలా రెండు మూడుసార్లు చేస్తే రిపేర్ పేజీ వస్తుంది. అక్కడ ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్ వరుసగా ఎంచుకుని 4 నొక్కాలి.

లోపలికి వెళ్ళాక పాత డ్రైవర్ల అవశేషాలు తీయడానికి డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అనే ఉచిత ప్రోగ్రాము చాలామంది వాడతారు. దీనినే పొట్టిగా డి.డి.యు. అంటారు. రేడియాన్ డ్రైవర్లు తీయడానికి ఏ.ఎం.డి. సంస్థే ఒక క్లీనప్ యుటిలిటీ ఇస్తోంది. శుభ్రం చేశాక, ఇంటర్నెట్ లేకుండానే రీస్టార్ట్ చేసి కొత్త డ్రైవరు వేయండి. అన్నిటికన్నా కొత్త డ్రైవరుతో చిక్కు వస్తే, దానికి ముందు విడుదలైనది వేసి చూడండి.

లినక్స్ వాడేవారికి

ఏ.ఎం.డి. కార్డుల డ్రైవరు లినక్స్ కెర్నెల్‌లోనే ఉంటుంది. ఎన్‌విడియా నుండి ఏ.ఎం.డి.కి మారేవారు ఎన్‌విడియా ప్యాకేజీలు తీసేస్తే చాలావరకు సరిపోతుంది. పాత ఎన్‌విడియా సెట్టింగుల ఫైలు మిగిలి ఉంటే గ్రాఫిక్స్ తెర రాకపోవచ్చు. దాన్ని పక్కకు జరపాలి. ఏ.ఎం.డి. నుండి ఎన్‌విడియాకు వచ్చేవారు ఉబుంటులోని అడిషనల్ డ్రైవర్స్ నుండి వేసుకోవచ్చు. సెక్యూర్ బూట్ ఉన్న కంప్యూటర్‌లో అప్పుడొక పాస్‌వర్డు పెట్టమని అడుగుతుంది. రీస్టార్ట్‌లో వచ్చే నీలిరంగు పేజీలో అదే పాస్‌వర్డుతో అనుమతి ఇవ్వకపోతే డ్రైవరు పనిచేయదు.

డబ్బు విషయంలో జాగ్రత్త

డ్రైవర్లకు ఎన్‌విడియా గానీ, ఏ.ఎం.డి. గానీ, ఇంటెల్ గానీ ఒక్క పైసా తీసుకోవు. "డ్రైవర్ అప్‌డేటర్ కొనండి" అనే ప్రకటనలు నమ్మవద్దు. "మీ కంప్యూటర్ మేము సరిచేస్తాం, ఈ యాప్ వేసుకోండి" అని ఫోనులో చెప్పేవారికి మీ తెరను అప్పగించవద్దు. ఎనీడెస్క్ వంటి యాప్‌ల ద్వారా ఖాతాలు ఖాళీ చేస్తున్నారని రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. ఓ.టి.పి. ఎవరు అడిగినా చెప్పకండి. పొరపాటున డబ్బు పోతే వెంటనే 1930 నంబరుకు ఫోను చేసి, మీ బ్యాంకుకూ తెలియజేయండి.

తల్లిదండ్రులకు ఒక మనవి. తెర నల్లబడగానే అబ్బాయినో అమ్మాయినో కోప్పడకండి. ఒక తెల్లకాగితం ఇచ్చి, తేదీ, కార్డు పేరు, వేసిన డ్రైవరు నంబరు, చేసిన మార్పు, కనిపించిన ఫలితం వరుసగా రాయమనండి. పైన చెప్పినవన్నీ చేశాక, స్నేహితుల ఇంట్లో తగిన పవర్ సప్లై ఉన్న మరో కంప్యూటర్‌లో కార్డును పరీక్షించండి. అక్కడ పనిచేస్తే లోపం మీ కంప్యూటర్‌లో ఉంది. ఇంకో కార్డు కొన్నా తీరదు. అక్కడా పనిచేయకపోతే బిల్లు, ఆ కాగితం రెండూ తీసుకుని, దుకాణం ఇచ్చిన గడువు దాటకముందే వెళ్ళండి. కొనేటప్పుడే ఆ గడువు ఎన్ని రోజులో అడిగి, బిల్లు మీద రాయించుకోవడం మరువకండి.