మండువా ఇంటికి సిమెంటు పూయించాలా?

ప్రశ్న: మేం నోయిడాలో ఉంటున్నాం. కోనసీమలో తాతగారి మండువా లోగిలి ఉంది. వానలు ముదిరి గోడల సున్నం పెచ్చులూడుతోంది. సిమెంటు పూయించమంటున్నారు. మంచిదేనా?

జవాబు: వద్దండీ. సున్నంతో కట్టిన గోడ నేలలోంచి పీల్చిన చెమ్మను పైపూత గుండా వదిలేస్తుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. చెమ్మ లోపలే నిలిచి, ఉప్పు పేరుకుని, ఇటుక పొడైపోతుంది. పెచ్చు ఊడినచోట గోటితో గీకి చూడండి. ఎర్రపొడి రాలిందంటే ఆ పని మొదలైనట్టే.

పూత సున్నంతోనే వేయించండి. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు మొదలుపెడితే మేలు. పలచని పొరలుగా వేసి, తడి గోనెలు కప్పి నిదానంగా ఆరనివ్వాలి. మేస్త్రీ తొందరపెడతాడు, వినకండి.

అంతకన్నా ముందు మండువా తూము చూడండి. వీధి రోడ్డు ఎత్తు పెంచినచోట నీళ్లు వెనక్కి తన్నుతాయి. ఇప్పటి కుండపోతలకు పాత తూము చాలకపోవచ్చు కూడా.

ఇక గాలి. 1996 నవంబరు తుపాను మీ పెద్దలకు గుర్తుండే ఉంటుంది. ముందు లేచేవి చూరు పెంకులే. వాటిని సున్నంతో అతికించి, దూలాలను గోడకు ఇనుప పట్టీలతో బిగించండి.

ఇంటి తాళం మాత్రం నోయిడాలో ఉంచుకోకండి. పక్కింటివారికిచ్చి వారానికోసారైనా కిటికీలు తెరిపించండి.